నౌపడ నుంచి గుణుపూర్ దాకా: ఒక చిన్న రైలు లైను మనకు నేర్పేది



మన సభల్లో పట్టాలు అంటే భూమి పట్టాలే. పోడు పట్టా వచ్చిందా, ఎన్ని సెంట్లకు వచ్చింది, కొలత సరిగ్గా వేశారా అనే మాటలే నడుస్తాయి. ఈ రోజు మాత్రం రైలు పట్టాల గురించి మాట్లాడతాను. శ్రీకాకుళం జిల్లాలో నౌపడ దగ్గర మొదలై టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా గుణుపూర్ చేరే లైను ఒకటుంది. మొత్తం 90 కిలోమీటర్లు. మీలో చాలామంది దాని మీద విశాఖ వెళ్లి వచ్చినవాళ్లే.

ఇప్పుడే దాని గురించి ఎందుకు? 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఎనిమిది కొత్త రైలు మార్గాలకు అనుమతి ఇచ్చింది. అందులో ఒకటి గుణుపూర్ నుంచి తేరుబలి దాకా 73.62 కిలోమీటర్ల లైను. అంటే ఇన్నాళ్లూ కొండల దగ్గరికి వచ్చి ఆగిపోయిన రైలు ఇక కొండల్లోకి పోతుంది. పోయే దారంతా ఒడిశాలోని రాయగడ జిల్లా. ఆ జిల్లా మొత్తం ఐదో షెడ్యూలు ప్రాంతం. అక్కడి సవరలు, కోందులు మన చుట్టాలే. అందుకని ఈ లైను ఎలా పుట్టిందో, ఎవరి కోసం పెరిగిందో, ఎవరిని అడక్కుండా దాన్ని ముక్కలు చేశారో మనకు తెలిసుండాలి. అది తెలిస్తేనే రేపు ఏం అడగాలో తెలుస్తుంది.

మొదలు నుంచి చెప్తాను. విజయవాడ నుంచి కటక్ వైపు సముద్రం పక్కనే పోయే పెద్ద లైను 1893-96 మధ్య వేశారు. అది నౌపడ మీదుగా పోయింది. నౌపడ అంటే ఉప్పు మడుల ఊరు. పర్లాకిమిడి రాజావారి పట్నం అక్కడికి 25 మైళ్ల దూరం. తన పట్నానికి కూడా రైలు రావాలని రాజా అనుకున్నారు. 1898లో అనుమతి వచ్చింది, 1900లో రైలు నడిచింది. ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు. పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. పెద్ద లైనుకు అది అయిదున్నర అడుగులు. అందుకే దాన్ని చిన్న రైలు అనేవారు.

రాజా తన డబ్బుతో వేసిన రైలు అని పుస్తకాల్లో రాస్తారు. సరే, రాజా డబ్బు ఎక్కడిది? జమీందారీలో రైతు కట్టిన శిస్తు. కొండల మీద, అంటే అప్పట్లో పర్లాకిమిడి మాలియాలు అనే చోట, బిస్సోయిలనే ముఠాదార్లు సవరల నుంచి వసూలు చేసిన మామూళ్లు. ఆ 7 లక్షల్లో మన తాతముత్తాతల చెమట కూడా ఉంది. రైలు పుస్తకాల్లో ఆ లెక్క రాయరు.

ఆ రోజుల్లో కొండలు ఎలా ఉండేవో ఒక్క మాట. గుణుపూర్ దగ్గర పుట్టాసింగిలో 1864లో ఒక సవర పెద్దను పోలీసులు అన్యాయంగా పట్టుకుపోతే జనం వెళ్లి విడిపించుకున్నారు. ఇన్‌స్పెక్టరును, కానిస్టేబుళ్లను చంపారు, స్టేషను తగలబెట్టారు. తర్వాత ప్రభుత్వం తీర్చుకున్న కక్ష వేరే కథ. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. రైలు రాకముందు సర్కారుకైనా షావుకారుకైనా కొండ ఎక్కడం అంత సులువు కాదు. దారి లేకపోవడం మనకు కష్టమే. కానీ అప్పట్లో అదే మనకు కొంత కాపు కూడా.

ఇక రైలు వచ్చాక. మొదటి పదేళ్లు నష్టాలే. 1910 తర్వాత కాస్త లాభం కనబడింది. 1924-25 తర్వాత లాభం పెరిగింది. అప్పుడు గాని లైను ముందుకు కదల్లేదు. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా రెండు విడతల్లో, 1929లో కొంత, 1931లో మిగతాది వేశారు. పర్లాకిమిడికీ గుణుపూర్‌కీ మధ్య దూరం 50 కిలోమీటర్లే. అది దాటడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆ ముప్పై ఏళ్లూ గుణుపూర్ వైపు మనుషులు లేరా? ఉన్నారు. రోగాలు లేవా? ఉన్నాయి. లాభం లెక్క తేలేదాకా మాత్రం పట్టా కదల్లేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ముందు మళ్లీ పనికొస్తుంది.

రైలు వస్తే మార్కెట్ వస్తుందంటారు. నిజమే, వస్తుంది. చింతపండు, కరక్కాయ, ధాన్యం, కర్ర కిందికి దిగుతాయి. ఉప్పు, గుడ్డ, కిరసనాయిలు పైకి ఎక్కుతాయి. కానీ తూకం రాయి ఎవరి చేతిలో ఉంది? కొండ దిగి సంతకొచ్చిన మనిషి చేతిలో లేదు. షావుకార్లు అప్పులిచ్చి, వడ్డీలు కట్టి, భూములు రాయించుకోవడం ఎంత పెరిగిందంటే, 1917లో మద్రాసు ప్రభుత్వమే ఒక చట్టం తేవాల్సి వచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూ బదలాయింపు చట్టం అంటారు. ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతివాళ్ల భూమి బయటివాళ్లకు బదలాయిస్తే చెల్లదని అందులో రాశారు. మనం ఇవాళ 1/70 అని చెప్పుకునే చట్టానికి అది ముత్తాత లాంటిది. ఒక్క ఈ చిన్న రైలు వల్లే భూములు పోయాయని నేను అనను. గంజాం, విశాఖ ఏజెన్సీలంతటా అదే జరిగింది. కానీ క్రమం చూడండి. ముందు దారి వచ్చింది, దారి వెంట అప్పు వచ్చింది, అప్పు వెంట భూమి పోయింది, చట్టం మాత్రం అన్నింటికన్నా వెనక వచ్చింది.

మన మనుషులు కూడా ఈ కొండలు దిగి ఎక్కడెక్కడికో పోయారు. అస్సాం తేయాకు తోటల్లో ఇవాళ్టికీ సవరలున్నారు. తోటల కూలీకి పోయినవాళ్ల పిల్లలు, మనవలు వాళ్లు. చింతపండు దిగినట్టే మన జనం కూడా దిగారు. సవర గోడబొమ్మలు చూసినవాళ్లకు తెలుసు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్ల పక్కనే రైలు కూడా ఉంటుంది. మన పెద్దలు రైలును చూశారు, దాని బలం ఏంటో గుర్తించారు, దాన్ని కూడా గోడ మీదికి ఎక్కించారు. మనం ఏదీ ఎరగని వాళ్లం అని ఎవరైనా అంటే ఆ బొమ్మ చూపించండి.

ఇప్పుడు 1936కి వద్దాం. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేశారు. పర్లాకిమిడి పట్నం, ఆపైన కాశీనగర్, గుణుపూర్ ఒరిస్సాలోకి పోయాయి. పాతపట్నం, టెంబూరు, టెక్కలి, నౌపడ మద్రాసులో ఉండిపోయాయి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య మహేంద్రతనయ ఏరే. ఆ ఏరు దాటితే రాష్ట్రం మారిపోయింది. రైలు ఒకటే, పట్టాలు ఒకటే, ఎక్కే మనిషి ఒకడే. రాష్ట్రాలు రెండు.

ఆ విభజన నచ్చక గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. బడిపంతులుగా పర్లాకిమిడి వచ్చి అక్కడే సవర భాష నేర్చుకున్నాడాయన. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, ఆ తర్వాత 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగువాళ్లు ఆయన్ని వ్యావహారిక భాష కోసం గుర్తుంచుకుంటారు. మనం సవర కోసం గుర్తుంచుకుందాం. అదే 1936లో గుణుపూర్ వైపు మంగయి గొమాంగో సవరకు సొంత లిపి తయారుచేశాడు, సొరాంగ్ సొంపెంగ్. సర్కారు గీత గీసి మన భాషను రెండు రాష్ట్రాలకు పంచిన ఏడాదే, మనవాడు ఒకడు ఆ భాషకు అక్షరం గీశాడు. ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

గీత గీస్తే ఏమైంది అంటారా? ఇటు సవర పిల్ల తెలుగు బడికి పోతుంది, అటు సవర పిల్ల ఒడియా బడికి పోతుంది. ఇద్దరూ అక్కాచెల్లెళ్ల పిల్లలే కావచ్చు, ఉత్తరం రాసుకోవాలంటే లిపి కలవదు. ఎస్టీ జాబితా రాష్ట్రం వారీగా ఉంటుంది కాబట్టి ఇటు సర్టిఫికెట్టు అటు పనిచేయదు. ఇంకో విషయం. లైను పైభాగం, గుణుపూర్ వైపు, షెడ్యూలు ప్రాంతం. కింద, మన శ్రీకాకుళం వైపు మెళియాపుట్టి, పాతపట్నం, మందస మండలాల్లో ఎన్నో సవర ఊళ్లు షెడ్యూలు బయటే ఉన్నాయి. అక్కడ 1/70 లేదు. ఒకే లైను మీద నాలుగు స్టేషన్లు దాటేసరికి ఆదివాసీ భూమికి ఉన్న రక్షణ మారిపోతుంది.

సరే, ఈ చిన్న రైలును పక్కనున్న లైన్లతో పోల్చి చూద్దాం. అప్పుడు గాని అసలు బొమ్మ కనబడదు.

విజయనగరం నుంచి పార్వతీపురం దాకా లైను 1908-09లో వచ్చింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు ఒక కొమ్మ వేశారు, సుమారు 18 కిలోమీటర్లు. సాలూరు తర్వాత ఘాటే, కొండలే. ఆ కొమ్మ అక్కడ ఆగింది, వందేళ్లు దాటినా అక్కడే ఉంది. చాలా కాలం దాని మీద తిరిగింది రైలుబస్సు. ఒక్క పెట్టె బండి. కొండ దిగి సాలూరు వచ్చే జనానికి ఆ రైల్వే వాళ్లు ఇచ్చిన విలువ అది.

మరి పార్వతీపురం లైను? అది ఆగలేదు. రాయగడ మీదుగా రాయ్‌పూర్ దాకా పోయింది, 1931లో పూర్తయింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. మొదట్లో ఆ రేవు నుంచి ఓడెక్కిన సరుకు మధ్య పరగణాల మాంగనీసు. ఇప్పుడు అర్థమైందా అది ఎందుకు ఆగలేదో?

మూడోది కేకే లైను. విజయనగరం పక్కన కొత్తవలస నుంచి ఎస్.కోట, బొర్రా, అరకు మీదుగా బస్తర్‌లోని కిరండూల్ దాకా. 1960ల్లో వేశారు. అనంతగిరి కొండల్ని తొలిచి సొరంగాల మీద సొరంగాలు వేశారు. ఎందుకు? బైలదిల్లా ఇనప రాయి విశాఖ రేవుకు దింపి జపాన్‌కు పంపాలి. అరకు మనిషి ఆసుపత్రికి పోవడానికి ఎవరూ కొండ తొలవలేదు. రాయి పోవడానికి తొలిచారు. ఆ దారినే మనిషి కూడా పోతున్నాడు.

నాలుగు లైన్లు చెప్పాను. కొండ అవతల గని, కొండ ఇవతల రేవు ఉంటే ఆ లైను కొండ దాటింది. మనుషులు, చింతపండు మాత్రమే ఉంటే ఆ లైను కొండ కిందే ఆగింది. నౌపడ-గుణుపూర్, బొబ్బిలి-సాలూరు రెండూ ఆగిపోయిన లైన్లు.

ఇప్పుడు ఆ రెంటిలో ఒకటి కదులుతోంది. తొంభై ఏళ్లకు పైగా కదలనిది ఇప్పుడెందుకు కదిలిందో అడగాలా వద్దా?

మధ్యలో జరిగినవి కూడా చెప్పేస్తాను. 2004లో చిన్న రైలు ఆపేశారు, పెద్ద లైనుగా మార్చడానికి. మళ్లీ రైలు తిరిగింది 2011లో. ఏడేళ్లు ఆ దారిలో రైలే లేదు. ఏడేళ్లంటే ఆరో తరగతి పిల్లవాడు ఇంటర్ దాటిపోతాడు. పెద్ద లైను వచ్చాక మేలు జరగలేదా? జరిగింది. గుణుపూర్‌లో ఎక్కి విశాఖలో దిగొచ్చు. కేజీహెచ్‌కి రోగిని తీసుకెళ్లాలన్నా, ఆంధ్రా యూనివర్సిటీలో చేరాలన్నా ప్యాసింజర్ రైలు కంటే చవక దారి పేదవాడికి లేదు. కాబట్టి రైలు వద్దు అని నేను చెప్పడం లేదు. రైలు మనకు కావాలి. మనల్ని ఎక్కించుకునే రైలు కావాలి.

2025 ఫిబ్రవరిలో ఇంకో నిర్ణయం వచ్చింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ కోసం వాల్తేరు డివిజన్‌ను రెండు చేశారు. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖ డివిజన్‌కు. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా కొత్త రాయగడ డివిజన్‌కు, అది ఈస్ట్ కోస్ట్ రైల్వేలో ఉంటుంది. చూశారా? 1936లో రాష్ట్రాల గీత ఎక్కడ పడిందో, 89 ఏళ్ల తర్వాత రైల్వే గీత కూడా అక్కడే పడింది. 90 కిలోమీటర్ల లైనుకు రెండు జోన్లు. రేపు మనకు ఒక హాల్టు కావాలన్నా, రైలు టైము మార్చాలన్నా ఏ ఆఫీసుకు పోవాలి? విశాఖకా, రాయగడకా? రెండింటికీ తిరగాలి. మన జోన్ వచ్చిందని ఇక్కడ సంబరాలు, మన డివిజన్ వచ్చిందని అక్కడ సంబరాలు. రెండు సంబరాల మధ్య పడిన ఈ లైను మనిషిని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు తేరుబలి లైను. తేరుబలి రాయగడ జిల్లాలోనే ఉంది, విజయనగరం-రాయ్‌పూర్ లైను మీద. అక్కడ ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీ ఉంది. అదే జిల్లాలో కాశీపూర్ వైపు అల్యూమినా కర్మాగారం ఉంది. నియమగిరి కొండ కొంత ఆ జిల్లాలోదే. ఇక కింద కొస చూడండి. నౌపడ ఉన్న సంతబొమ్మాళి మండలంలోనే మూలపేట దగ్గర కొత్త ఓడరేవు కడుతున్నారు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఎనిమిది లైన్లకు అనుమతి ఇచ్చినప్పుడు కేంద్రం తన ప్రకటనలో ఈ మార్గాల్లో పోయే సరుకుల పేర్లు రాసింది. వ్యవసాయ ఉత్పత్తులు, ఎరువులతో పాటు బొగ్గు, ఇనప ఖనిజం, బాక్సైటు, అల్యూమినియం పొడి అని రాసింది. ఎనిమిదింటి మీద కలిపి ఏడాదికి 14.3 కోట్ల టన్నుల అదనపు సరుకు అని కూడా రాసింది. ఒక కొసన ఖనిజం, ఇంకో కొసన రేవు. మధ్యలో మన ఊళ్లు. ఏ బండి మీద ఏది పోతుందో మ్యాపు ముందు పెట్టుకుని మీరే ఆలోచించండి. నేను చూసింది చెప్పాను.

ఆగిపోయిన లైను ఇప్పుడు గనికీ రేవుకీ మధ్య లైను అవుతోందని నాకనిపిస్తోంది. అలా అయినప్పుడు ఏమవుతుందో కేకే లైను చూస్తే తెలుస్తుంది. గూడ్సు బండికి దారి ఇవ్వడానికి మన ప్యాసింజర్ పక్క లైన్లో నిలబడుతుంది.

మరి మనమేటి చెయ్యాలి? నాలుగు పనులు చెప్తాను.

మొదటిది, అటవీ హక్కులు. 2006 చట్టం ప్రకారం హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా అడవిలో ఉన్నవాళ్లను ఖాళీ చేయించకూడదు. సర్వే రాళ్లు పాతిన తర్వాత అర్జీ పెడితే ఆలస్యం. రాళ్లు రాకముందే ఊరి సామూహిక హక్కుల అర్జీ వెయ్యాలి. ఊరి హద్దులు, చెరువు, శ్మశానం, దేవుడి చెట్టు అన్నీ రాయించాలి. బడి, రోడ్డు, అంగన్‌వాడీ లాంటి 13 రకాల పనులకు ఆ చట్టంలో చిన్న మినహాయింపు ఉంది, గ్రామసభ సిఫారసుతో అడవి భూమి ఇవ్వొచ్చు. ఆ 13లో రైలు మార్గం లేదు. ఈ ముక్క గట్టిగా పట్టుకోండి.

రెండోది, గ్రామసభ. షెడ్యూలు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 పీసా చట్టం చెప్తోంది. 2013 భూసేకరణ చట్టం ఇంకో మెట్టు పైకెళ్లి ముందస్తు సమ్మతి కావాలంది. కానీ అక్కడ ఒక కంత ఉంది. రైల్వే వాళ్లు తమ సొంత 1989 రైల్వే చట్టం కింద కూడా భూమి తీసుకోవచ్చు. ఆ చట్టం 2013 చట్టంలో నాలుగో షెడ్యూలులో ఉంది. పరిహారం, పునరావాసం లెక్కలు దానికీ వర్తిస్తాయి, మిగతా విషయాల్లో తప్పించుకునే దారి దొరుకుతుంది. కాబట్టి నోటీసు చేతికొచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఎంత డబ్బు అని కాదు, ఏ చట్టం కింద ఇచ్చారు అని. నోటీసు చదవగలిగిన వాళ్లు మీరే. మీ అమ్మానాన్నల చేత వేలిముద్ర వేయించేలోపు మీరు చదవాలి. 2013లో నియమగిరి చుట్టూ 12 గ్రామసభలు వద్దన్నాయి, పన్నెండుకు పన్నెండూ. గ్రామసభ అంటే ఏంటో దేశానికి చూపించింది ఆ రాయగడ, కలహండి ఊళ్లే.

మూడోది, మన రైలు మనకు కావాలని అడగడం. ప్రతి పది కిలోమీటర్లకు ఒక హాల్టు. సంత రోజున బుట్టలు, అనాస పళ్లు, చీపుర్ల కట్టలు ఎక్కించుకునే పెట్టె. పొద్దున కాలేజీకి, సాయంత్రం ఇంటికి సరిపోయే టైము. స్టేషన్లో సవరలో ప్రకటన, బోర్డు మీద సవర అక్షరం. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. బాక్సైటుకు వ్యాగన్ ఉంటే అనాసకు పెట్టె ఉండకూడదా? సాలూరు లైను గురించి కూడా ఇదే గొంతుతో అడగాలి. గని లేని లైను అని దాన్ని ఎండగట్టే హక్కు ఎవరికీ లేదు.

నాలుగోది, రెండు వైపులా కలిసి నడవడం. పాతపట్నం కుర్రాళ్లు, గుణుపూర్ కుర్రాళ్లు ఒకరినొకరు కలవాలి. భాష ఇబ్బంది అంటారా, సవర ఉంది కదా. ఆ రాష్ట్రంలో వచ్చిన నోటీసు ఈ రాష్ట్రంలో చదవాలి. ఈ రాష్ట్రంలో రేవు పని ఎందాకా వచ్చిందో ఆ రాష్ట్రంలో తెలియాలి. గీత రెండుసార్లు గీశారు, రెండుసార్లూ మనల్ని అడగలేదు. గీతకు అటూ ఇటూ మనం విడివిడిగా ఉన్నన్నాళ్లూ మూడోసారి కూడా అడగరు.

ఇంకో చిన్న పని చెప్పి ముగిస్తాను. మీ ఊళ్లో చిన్న రైలు ఎక్కిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఆగి ఇరవై ఏళ్లు దాటింది. వాళ్ల దగ్గర కూర్చోండి. ఎక్కడ ఎక్కేవారు, టికెట్టు ఎంత, ఏం మోసుకెళ్లేవారు, ఎవరికి అమ్మేవారు, ఎంతకు అమ్మేవారు, తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చేవారు అని అడిగి ఫోన్లో రికార్డు చెయ్యండి. లైను పొడుగునా ఉన్న ఊళ్ల నుంచి అలా వంద మాటలు పోగుచేస్తే అదే మన రైలు చరిత్ర. రాజావారు ఎన్ని లక్షలు పెట్టారో రాసిన పుస్తకం ఇప్పటికే ఉంది. మనం ఏం పెట్టామో, మనకేం వచ్చిందో రాసిన పుస్తకం లేదు. సర్వేవాళ్లు కొత్త మ్యాపు పట్టుకుని వచ్చేలోపు అది మన చేతిలో ఉండాలి.

జోహార్.